ధ్యానంలోంచి లేచి కిటికీ మూశాను: యోగ సాధకులు రాజకీయాలకు దూరంగా ఉండాల్సిందేనా?

ప్రశ్న అడిగినవారు: నాలుగున్నర

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా యోగ సాధన చేస్తున్నాను. పొద్దున్నే నాలుగున్నరకి లేస్తాను. ఆసనాలు, నాడీశోధన ప్రాణాయామం, ఆ తర్వాత నలభై నిమిషాలు ధ్యానం. ఒక్కరోజు తప్పినా ఆ రోజంతా ఏదో మరిచిపోయినట్టే ఉంటుంది. అమ్మ పోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఈ సాధనే. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, యోగాని తక్కువ చెయ్యాలని ఈ ప్రశ్న అడగడం లేదు.

మా గురువుగారు మొదటి రోజు నుంచీ ఒకే మాట చెప్పేవారు. "వార్తలు చూడకండి, రాజకీయాలు మాట్లాడకండి. అవి రజోగుణాన్ని రేపుతాయి. లోపల శుభ్రపడితే బయట దానంతటదే బాగుపడుతుంది." నేను ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాను. పేపరు మానేశాను. ఇంట్లో ఎన్నికల మాటలొస్తే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయేదాన్ని. ఓటు మాత్రం వేసేదాన్ని, అదీ ఎవరికి వెయ్యాలో మావారిని అడిగి. ఇప్పుడు ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మా వీధి ఊడ్చే ఆవిడ ఉంది. కాంట్రాక్టు పని. నేను క్లాసుకి బయల్దేరేసరికి ఆవిడ అప్పటికే సగం వీధి ఊడ్చేసి ఉంటుంది. తల పైకెత్తి "బాగున్నారా అమ్మా" అంటుంది. తొమ్మిదేళ్లలో ఆ పలకరింపు లేని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండు నెలల కిందట ఆవిడ ఒక కాగితం పట్టుకుని ఇంటింటికీ వచ్చింది. నాలుగు నెలలుగా జీతాలు పడలేదట. పీఎఫ్ కోసి కూడా కట్టలేదట. "మీరు చదువుకున్నోళ్లు, మీ సంతకం పైన ఉంటే బాగుంటదమ్మా" అంది. నేను చేతులు జోడించి, "నేను ఇలాంటివాటిలోకి రానమ్మా. మీకు మంచి జరగాలని ధ్యానంలో సంకల్పం చేసుకుంటాను" అన్నాను. నిజంగానే చేసుకున్నాను కూడా.

ఆ తర్వాతి వారం వాళ్లంతా మా ఇంటి వెనక ఉన్న వార్డు ఆఫీసు ముందు కూర్చున్నారు. ఆ రోజు క్లాసు లేదు, ఆలస్యంగా ఇంట్లోనే సాధనకి కూర్చున్నాను. నినాదాలు మొదలయ్యాయి. లేచి కిటికీ మూసి, గడియ పెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఊపిరి పీల్చే పూరకం నాలుగు, ఆపి ఉంచే కుంభకం ఎనిమిది... కిటికీ రెక్కల సందులోంచి అన్ని గొంతుల్లో ఒక గొంతు విడిగా వినిపించింది. "బాగున్నారా అమ్మా" అనే గొంతే. అది అరిస్తే అంత బొంగురుగా ఉంటుందని నాకు తెలీదు. లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ తప్పింది.

క్లాసులో ఈ సంగతి చెప్పాను. గురువుగారు అందరి ముందూ, "చూశారా, ప్రత్యాహారం అంటే ఇదీ" అన్నారు. ఇంద్రియాల్ని బయటి విషయాల నుంచి వెనక్కి మళ్లించుకోవడమని ఆ మాటకి అర్థం. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

నేను చేసింది ప్రత్యాహారమేనా? సాధనలో ఉన్నవాళ్లు ఇలాంటి వాటికి వెళ్తే నిజంగానే సాధన చెడుతుందా? పార్టీల గొడవ కాదు నేనడిగేది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

జవాబు: పాత తరగతి గది

అమ్మా, నేను రిటైరైన సంస్కృతం మాస్టారిని. యోగసూత్రాలు ముప్ఫై ఏళ్లుగా చదువుతున్నాను, ఇంకా పూర్తయిందనిపించలేదు. మీ గురువుగారిని నేను విమర్శించను, ఆయన ఏ సందర్భంలో ఏం చెప్పారో మీకే తెలుసు. సూత్రాల్లో ఉన్నది మాత్రం చెప్తాను.

ఆ సూత్రాలు రాసిన పతంజలి యోగానికి ఎనిమిది అంగాలు చెప్పాడు. ఆసనం మూడోది. దాని గురించి నేరుగా చెప్పిన సూత్రాలు రెండో పాదంలో మూడంటే మూడే, 46 నుంచి 48 దాకా. అన్నిటికంటే ముందు పెట్టింది యమాలని, అంటే నిగ్రహాలని: అహింస, సత్యం, అస్తేయం (దొంగిలించకపోవడం), బ్రహ్మచర్యం, అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం). వీటిలో చాలావరకు మనిషి ఒంటరిగా గదిలో కూర్చుని పాటించే వీలు లేనివి. అబద్ధం చెప్పకుండా ఉండాలంటే ఎదురుగా ఇంకొకరుండాలి. దొంగిలించకుండా ఉండాలంటే ఇంకొకరి సొత్తు ఉండాలి. అంటే యోగం మొదలయ్యేదే పదిమందిలో. ఆ వెంటనే 31వ సూత్రంలో, ఇవి జాతితోనూ దేశంతోనూ కాలంతోనూ సందర్భంతోనూ సడలిపోనప్పుడే మహావ్రతం అవుతాయన్నాడు. "ఇది నా వేళ కాదు, నా వీధి కాదు" అనడానికి అక్కడ చోటు లేదు.

మీరు బాగా చదవాల్సింది 34వ సూత్రం. హింస మొదలైనవి మూడు రకాలంటాడు: కృతం, కారితం, అనుమోదితం. స్వయంగా చేసింది, ఇంకొకరిచేత చేయించింది, ఎవరో చేస్తుంటే సరేనన్నది. మూడింటికీ ఫలం దుఃఖమూ అజ్ఞానమూనే అన్నాడు. ఈ మూడోది చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. పనిచేయించుకుని జీతం ఇవ్వకపోవడం అస్తేయానికి విరుద్ధం, అందులో సందేహం లేదు. ఆ పని జరిగింది మన వీధిలో, మన పన్నుతో, మన పేరు మీద. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు ఊరికే అనలేదు కదా.

ఇక ప్రత్యాహారం. ఇంద్రియాలు తమ విషయాల వెంట పోకుండా చిత్తాన్ని అనుసరించడం అది. గడియ పెట్టడం కాదు. కిటికీ తెరిచే ఉండి, ఆ గొంతు వినిపిస్తూ ఉండి, మీ మనసు చెదరకుండా ఉంటే అది ప్రత్యాహారానికి దగ్గర. మీ లెక్క తప్పిందన్నారు చూశారూ, నన్నడిగితే ఆ రోజు మీ సాధనలో నిజమైన క్షణం అదే.

---

నాలుగున్నర

మాస్టారూ, 34వ సూత్రం మాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు. క్లాసులో మొదటి పాదంలోని 33వ సూత్రం మాత్రం వారానికోసారైనా వస్తుంది. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష. లోకంలో చెడు కనిపిస్తే ఉపేక్షించాలి, అదే చిత్తప్రసాదనం, మనసు తేటపడటం, అని మాకు నేర్పింది. మరి దీన్నెలా అర్థం చేసుకోవాలి?

---

పాత తరగతి గది

ఆ సూత్రంలో నాలుగు భావాలకి నలుగురు ఎదుటివాళ్లున్నారమ్మా. సుఖంలో ఉన్నవాళ్ల పట్ల మైత్రి. దుఃఖంలో ఉన్నవాళ్ల పట్ల కరుణ. పుణ్యం చేసేవాళ్ల పట్ల ముదిత, అంటే సంతోషం. అపుణ్యం చేసేవాళ్ల పట్ల ఉపేక్ష. మీ వీధి ఊడ్చే ఆవిడ ఈ నలుగురిలో ఎవరు? ఆవిడకి దక్కాల్సింది కరుణ. ఉపేక్ష చూపించమన్నది జీతం ఎగ్గొట్టినవాడి మీద. అంటే వాడి మీద ద్వేషం పెంచుకుని మీ మనసు మురికి చేసుకోవద్దని. వాడి తప్పు ఊరికే వదిలెయ్యమని కాదు. మీరు వరస మార్చి, కరుణ చూపాల్సిన చోట ఉపేక్ష చూపించారు. తప్పు మీ ఒక్కరిదే కాదు, ఆ సూత్రాన్ని అలా సగం విరిచి చెప్పడం చాలాచోట్ల చూశాను. నేనూ మొదట్లో పిల్లలకి అలాగే చెప్పాను.

---

జవాబు: జెండాకర్ర

అక్కా, నేను అటు వైపు నుంచి వచ్చినవాణ్ని. ఇరవై రెండేళ్లు యూనియన్‌లో పనిచేశాను. మునిసిపల్ కాంట్రాక్టు వర్కర్ల మస్టర్ల (హాజరు పట్టీల) గొడవ, పీఎఫ్, ఈఎస్ఐ, అన్నీ చేత్తో పట్టుకుని తిరిగినవే. యోగా అంటే కడుపు నిండినోళ్ల వ్యవహారమని అనుకునేవాణ్ని, గట్టిగా అనేవాణ్ని కూడా. నలభై ఆరో ఏట బీపీతో పడిపోతే డాక్టరు పంపించాడు ప్రాణాయామానికి. ఆరోగ్యం కోసం వెళ్లాను, ఇంకేదో దొరికింది.

ఏం దొరికిందో ఒక్క సంగతి చెప్తాను. చర్చలకి పిలుస్తారు. బల్లకి అటు అధికారి, ఇటు మేము ఐదుగురం. అటునుంచి ఒక మాట జారుతుంది, "మీవాళ్లు పని ఎగ్గొడతారు కదా" అని. పదిహేనేళ్లపాటు నేను ఆ మాటకి బల్ల గుద్దాను. గుద్దిన ప్రతిసారీ చర్చ జీతాల మీంచి నా ప్రవర్తన మీదికి మళ్లింది. వాళ్లకి కావాల్సిందీ అదే. సాధన మొదలెట్టాక, ఆ మాట వచ్చినప్పుడు పొట్ట బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం నాకు తెలుస్తోంది. తెలిసిన ఆ రెండు సెకన్లలో ఒక ఊపిరి వదిలి, "మస్టర్ రిజిస్టర్ తెప్పించండి సార్, చూద్దాం" అంటున్నాను. కోపం పోలేదక్కా. పోవాలని నేను కోరుకోవడం లేదు. నాలుగు నెలల జీతం రాని మనిషిని చూసి కోపం రాకపోతే నాలో ఏదో చచ్చిపోయినట్టే. కానీ ఇప్పుడు కోపం నా చేతిలో ఉంది, నేను దాని చేతిలో లేను.

మాస్టారు సూత్రాలు చెప్పారు, నేను మనుషుల్ని చెప్తాను. స్వామి రామానంద తీర్థ. సన్యాసానికి ముందు కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి దగ్గర పనిచేశారు. 1932లో సన్యాసం తీసుకున్నారు. ఆ కాషాయంతోనే హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ని నిజాం పాలన మీద నడిపించారు. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగరేస్తుంటే ఆయన్ని అరెస్టు చేశారు. బిహార్‌లో స్వామి సహజానంద సరస్వతి దండం పట్టిన సన్యాసి. ఆశ్రమం పెట్టుకుని కూర్చున్నచోటే రైతుల గోడు వినిపించింది. 1936లో లఖ్‌నవూలో అఖిల భారత కిసాన్ సభ పెడితే తొలి అధ్యక్షుడు ఆయనే. కార్యదర్శి మన ఎన్.జి. రంగా. వీళ్లెవరూ సాధన వదిలేసి రాజకీయాల్లోకి రాలేదు.

ఒక్క మాట మొహమాటం లేకుండా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆవిడకి మీ సంకల్పం కంటే మీ సంతకం అవసరం ఎక్కువ. సంతకాల కాగితంలో మొదటి పది పేర్లు ఎవరివో ఆఫీసులో చూస్తారు. ఇళ్లున్నవాళ్లవి, పన్ను కట్టేవాళ్లవి అయితే ఫైలు కదులుతుంది. అన్యాయమే, కానీ అదలాగే నడుస్తోంది. ఆవిడకి అది తెలుసు కాబట్టే మీ గుమ్మం ఎక్కింది.

---

జవాబు: చాప

నేను యోగా నేర్పిస్తాను. పద్నాలుగేళ్లయింది. పై రెండు జవాబులతోనూ ఏకీభవిస్తూనే మీ గురువుగారి తరఫున ఒక మాట చెప్పాలి. ఇది చెప్పకపోతే చర్చ ఒక వైపే పోతుంది.

శవాసనంలో పడుకున్న మనిషి ఎంత మెత్తగా ఉంటాడో మీకు తెలుసు. కళ్లు మూసుకుని, శరీరం వదిలేసి, నా గొంతుని నమ్మి పడుకుంటాడు. ఆ సమయంలో నేను ఏ మాట వేస్తే అది లోపలికి దిగుతుంది. అలాంటి చోట నిలబడి ఫలానా నాయకుడు మంచివాడు, ఫలానా పార్టీకి ఓటెయ్యండి అంటే అది నమ్మకద్రోహం. నేను చూశాను అలాంటివి. ఒక కేంద్రంలో నేర్చుకునేవాళ్లని బస్సెక్కించి సభకి తీసుకెళ్లారు. సేవ అని చెప్పి తీసుకెళ్లారు. సగంమందికి ఎక్కడికి వెళ్తున్నారో కూడా తెలీదు. ఆ రోజే అక్కడ మానేశాను. అందుకే నా క్లాసులో రాజకీయం రానివ్వను. మీ గురువుగారు మొదట ఆ భయంతోనే అన్నారేమో.

కానీ క్లాసులో మాట్లాడొద్దనడం వేరు, జీవితంలోనే పట్టించుకోవద్దనడం వేరు. మొదటిది నా హద్దు. రెండోది మీ పౌరసత్వంలో నేను వేలుపెట్టడం. గురువుకి ఆ అధికారం లేదు.

పైగా దూరంగా ఉన్నంత మాత్రాన రాజకీయం మనల్ని వదలదు. వినోబా భావే సంగతి చూడండి. ఆయన సాధన గురించి ఎవరూ వేలెత్తి చూపలేరు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు భూమి అడిగితే అక్కడే సభలో అడిగి వంద ఎకరాలు ఇప్పించినవాడు. భూదానం అలా మొదలైంది. అదే వినోబా 1974 డిసెంబరు 25 నుంచి ఏడాది మౌనవ్రతం పట్టారు. మధ్యలో ఎమర్జెన్సీ వచ్చింది. జయప్రకాశ్ నారాయణ్ జైలుకెళ్లారు, ఈయనతో కలిసి భూదానంలో నడిచిన మనిషి. మౌనంలో ఉన్న వినోబా నుంచి "అనుశాసన పర్వం" అన్న మాట బయటికొచ్చింది, క్రమశిక్షణ కాలం అని అర్థం వచ్చేలా. ప్రభుత్వం ఆ రెండు మాటల్నీ పట్టుకుని ఎమర్జెన్సీని వినోబా ఆశీర్వదించారని ఊరూరా ప్రచారం చేసింది. తన ఉద్దేశం ప్రభుత్వ శాసనం కాదని, ఆచార్యుల అనుశాసనమని ఆయన తర్వాత వివరించారు. అప్పటికి ఆ మాట గోడలెక్కేసింది. ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అంతటి మనిషి మౌనాన్నే వాడుకోగలిగితే, మనబోటివాళ్ల మౌనం ఎవరికి ఉపయోగపడుతోందో కనీసం చూసుకోవాలి కదా.

---

జవాబు: పాత తరగతి గది

చాప గారి మాట చదివాక అరవిందుల సంగతి కూడా చెప్పాలనిపించింది. ఈ ప్రశ్నకి రెండు చివర్లూ ఒకే జీవితంలో ఉన్నాయి. 1907 డిసెంబరులో సూరత్ కాంగ్రెస్ చీలిపోయింది. ఆ వెంటనే ఆయన బరోడాలో విష్ణు భాస్కర్ లేలే అనే యోగి దగ్గర కూర్చున్నారు. మూడు రోజుల్లో మనసు పూర్తిగా నిశ్శబ్దమైంది. కొద్దిరోజులకే, 1908 జనవరిలో, బొంబాయిలో రాజకీయ సభ. తలలో ఒక్క ఆలోచన లేదు, ఎలా మాట్లాడాలని అడిగితే, సభకి నమస్కరించి ఊరుకో, మాట అదే వస్తుందన్నారు లేలే. అలాగే వచ్చింది. ఆ నిశ్శబ్దం ఆయన్ని సభ నుంచి తప్పించలేదు, సభలోనే నిలబెట్టింది.

తర్వాత అలీపూర్ బాంబు కేసు, ఏడాది జైలు, 1910 ఏప్రిల్‌లో పుదుచ్చేరి. 1920లో నాగపూర్ కాంగ్రెస్‌కి అధ్యక్షత వహించమంటే ఒప్పుకోలేదు. కాబట్టి ఆయన వెనక్కి తగ్గిన మాట నిజం, దాన్ని దాచి చెప్పకూడదు. కానీ 1942లో బ్రిటిష్ ప్రభుత్వం తరఫున క్రిప్స్ రాయబారం వచ్చినప్పుడు, దాన్ని అంగీకరించమని కాంగ్రెస్ నాయకులకి చెప్పడానికి మనిషిని ఢిల్లీ పంపారు. వినలేదు, అది వేరే సంగతి. గదిలోంచి బయటికి రాని మనిషి కూడా లోకానికి చెవి మూసుకోలేదన్నది నా మనవి. వెనక్కి తగ్గడం కూడా ఒక దశలో సాధనకి అవసరం కావచ్చు. మీరే దశలో ఉన్నారో మేం చెప్పలేం తల్లీ. ఆ గొంతు మిమ్మల్ని రెండు నెలలుగా వదలడం లేదంటే, అది ఊరికే మాత్రం కాదు.

---

నాలుగున్నర

అందరికీ ధన్యవాదాలు. మూడు రోజులు ఏమీ రాయలేకపోయాను.

నిన్న వెళ్లాను. జీతాలు ఇంకా రాలేదు, ఒక నెలది మాత్రం పడిందట. వాళ్లు మళ్లీ కూర్చున్నారు. నేను వెళ్తే ఆవిడ లేచి తన కింద పరుచుకున్న గోనెసంచి నాకు వెయ్యబోయింది. వద్దన్నాను, ఇద్దరం దాని మీదే కూర్చున్నాం. క్షమించమని అడగాలని వెళ్లాను. నోరు తెరిచేలోపే, "అమ్మా, ఈ వినతిపత్రం ఒకసారి సదివి పెట్టు, తప్పులున్నాయేమో" అని చేతిలో పెట్టింది. క్షమాపణ అలాగే ఉండిపోయింది. కాగితంలో పీఎఫ్ నెలలు రెండుచోట్ల రెండు రకాలుగా ఉన్నాయి. మస్టర్ పుస్తకం తెప్పించి, జెండాకర్ర గారు చెప్పినట్టే, ఒక్కొక్కరి పేరు ఎదురుగా రోజులు లెక్కేసి దిద్దాను. ముప్ఫై ఎనిమిది పేర్లు. తొమ్మిదేళ్లుగా చూస్తున్నా ఆవిడ పేరు నాకు తెలీదు, అందులో చూసి తెలుసుకున్నాను.

మధ్యాహ్నం ఒక ఆఫీసరు వచ్చి, "చదువుకున్నవాళ్లు మీరు కూడా వీళ్లతో ఏంటమ్మా" అన్నాడు. నాకు గొంతు దాకా వచ్చింది. చేతులు వణికాయి. ఊపిరి వదలాలని అప్పుడు గుర్తు రాలేదు, ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. గట్టిగానే అరిచాను. అది సాధనలో లోటే, ఒప్పుకుంటున్నాను, సరిచేసుకుంటాను.

గురువుగారికి ఈ సాయంత్రం ఫోన్ చేసి వెళ్లిన సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "34వ సూత్రం మనం ఈసారి క్లాసులో చదువుదాం" అన్నారు. ఇంకేమీ అనలేదు.

రేపు పొద్దున ఆరింటికి కమిషనర్ ఇంటికెళ్లి వినతిపత్రం ఇవ్వాలట, నన్నూ రమ్మన్నారు. అలారం మూడున్నరకి మార్చుకున్నాను.